అమెరికా గోధుమలు, కమ్యూనిజం భయం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా తన మిగులు గోధుమల్ని ఇండియాకు పంపిన పీఎల్ 480 చట్టం గురించి చర్చ ఎక్కడ మొదలైనా రెండు వాదనలే వినిపిస్తాయి. అమెరికా లేకపోతే మనం ఆకలితో చచ్చేవాళ్లమని ఒకరు, గోధుమలు చూపించి మనల్ని లొంగదీసుకున్నారని ఇంకొకరు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, ఆ గోధుమలు ఎందుకొచ్చాయి, ఎవరు ఎవరితో ఎలా బేరమాడారు అనేది రెండు వైపులా ఎవరూ పెద్దగా చెప్పరు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలు తీసుకుని కింద రాశాను. చాలావరకు ఇండియా సంగతే.

తిండిగింజలకూ కమ్యూనిజానికీ సంబంధం ఏంటసలు?

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాషింగ్టన్‌లో పాతుకుపోయిన లెక్క ఒకటుంది: ఆకలి ఉన్న చోట కమ్యూనిస్టులు పెరుగుతారు, కడుపు నిండితే తగ్గుతారు. కమ్యూనిస్టులతో పోరాడుతున్న గ్రీస్‌ను ఇక మేం మోయలేమని బ్రిటన్ చేతులెత్తేస్తే, 1947 మార్చి 12న అధ్యక్షుడు ట్రూమన్ చట్టసభ ముందుకెళ్లి గ్రీస్‌కీ టర్కీకీ కలిపి 40 కోట్ల డాలర్లు అడిగాడు. అదే ఏడాది జూన్ 5న విదేశాంగ మంత్రి జార్జి మార్షల్ హార్వర్డ్‌లో మాట్లాడుతూ యూరప్ మొత్తానికీ సాయం చేస్తామన్నాడు. అదే మార్షల్ ప్లాన్ అయింది. నాలుగేళ్లలో 16 దేశాలకు సుమారు 1,300 కోట్ల డాలర్లు వెళ్లాయి.

1949 జనవరి 20న రెండోసారి ప్రమాణస్వీకారం చేస్తూ ట్రూమన్ తన ప్రసంగంలో నాలుగో అంశంగా పేద దేశాలకు సాంకేతిక సాయం చేస్తామని చెప్పాడు. దానికి పాయింట్ ఫోర్ అనే పేరు అలాగే నిలిచిపోయింది. ఇండియా కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

యూరప్‌లో పనిచేసిందా?

పనిచేసిందనే చెప్పాలి. కాకపోతే అక్కడ ఇంజనీర్లున్నారు, ఫ్యాక్టరీలున్నాయి, బాంబులు పడి ఆగిపోయాయి అంతే, డబ్బు పడగానే మళ్లీ తిరిగాయి. అసలు లేనిచోట కొత్తగా కట్టడం వేరే సంగతి. ఈ తేడా అమెరికాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, వియత్నాంలో అయితే చివరిదాకా అర్థమే కాలేదు.

ఇండియా మీదే అంత దృష్టి ఎందుకు?

1949 అక్టోబర్ 1న చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లింది. దాంతో అమెరికాలో చైనాను ఎవరు పోగొట్టారంటూ పెద్ద గొడవ నడిచింది. తర్వాత పోయేది ఇండియానే అని చాలామంది నమ్మారు. 1951లో రాయబారిగా వచ్చిన చెస్టర్ బౌల్స్ అయితే ఈ మాట పట్టుకుని వాషింగ్టన్‌ను ఊపిరాడనివ్వలేదు.

ఆయన భయానికి ఆధారం లేకపోలేదు, అదీ మన వైపు నుంచే. 1952 మొదటి ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. (నల్లగొండా, నెహ్రూ నియోజకవర్గమూ ఇద్దరు సభ్యులవే, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. ఈ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎవరూ చెప్పరు.) మద్రాసు అసెంబ్లీకి గెలిచిన కమ్యూనిస్టుల్లో ఎక్కువమంది ఆంధ్ర జిల్లాల వాళ్లే. బయటినుంచి చూసేవాడికి గోదావరి నుంచి కృష్ణ దాకా ఎర్రజెండానే కనపడి ఉంటుంది.

1951 గోధుమ అప్పు అంటారే, అదేంటి?

పీఎల్ 480 కన్నా ముందు జరిగింది, చాలామంది రెండూ కలిపేస్తారు. 1950లో అనావృష్టి, వరదలు, అస్సాం భూకంపం అన్నీ ఒకేసారి మీద పడి తిండిగింజలు అడుగంటాయి. ఆ ఏడాది చివర్లో నెహ్రూ ప్రభుత్వం 20 లక్షల టన్నుల ధాన్యం కావాలని అమెరికాను అడిగింది. సరిగ్గా అప్పుడే కొరియా యుద్ధం నడుస్తోంది, నెహ్రూ అమెరికా పాట పాడట్లేదు, పైగా ఎర్ర చైనాకు ఐక్యరాజ్యసమితిలో సీటివ్వాలంటున్నాడు. అమెరికా చట్టసభలో కొందరికి ఒళ్లు మండింది. అడుక్కునేవాడికి ఇంత పొగరేంటి అన్న ధోరణిలో నెలల తరబడి చర్చ సాగింది. తిరువాన్కూరు తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ అణుశక్తికి పనికొస్తుంది కాబట్టి బదులుగా అది ఇమ్మనే పేచీ ఒకటి.

ఈలోగా రష్యా, చైనా మేం పంపిస్తాం ధాన్యం అని ముందుకొచ్చాయి. అంతే, వాషింగ్టన్‌లో కదలిక వచ్చింది. ఉచితంగా ఇద్దామని మొదలుపెట్టింది చివరికి 19 కోట్ల డాలర్ల అప్పుగా 1951 జూన్ 15న చట్టమైంది. నా దృష్టిలో తర్వాతి ఇరవై ఏళ్ల కథకు నమూనా ఇదే. ఇండియా ఆకలి ఒక్కటే చూసి అమెరికా కదల్లేదు, ఇంకొకడు పెడతాడేమో అనుకున్నాకే కదిలింది. మనవాళ్లు కూడా ఆ సంగతి త్వరగానే పసిగట్టారు.

అయితే తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది అమెరికా సాయం వల్లేనా?

కాదు. ఎవరైనా అలా చెబితే తేదీలు చూడమనండి. పోరాటం 1946లో మొదలైంది, 1951 అక్టోబర్‌లో విరమించారు. అప్పటికి ఒప్పుకున్న అమెరికా సాయంలో చెప్పుకోదగ్గది ఆ గోధుమ అప్పు ఒక్కటే. గోధుమలు రేషన్ ఉన్న పట్నాలకు వెళ్లేవి, నల్లగొండ పల్లెల్లో జొన్న సంకటి తినేవాళ్లకు దానితో పనేముంది?

పోరాటం ఆగడానికి కారణాలు ఇక్కడివే. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది, ఆ తర్వాత సైన్యం చాలా కఠినంగా అణచింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు మొదటి భూదానం దొరికింది. పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీలోనూ కొనసాగిద్దామా వద్దా అని చీలిక ఉంది. పార్టీ నాయకులు బసవపున్నయ్య, రాజేశ్వరరావు, డాంగే, అజయ్ ఘోష్ కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసొచ్చాక విరమణ వైపే మొగ్గు వచ్చింది. ఒక రకంగా స్టాలిన్ సలహా పనిచేసినంతగా అమెరికా గోధుమలు పనిచేయలేదు!

1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లోనూ ఇంతే. ఈసారి కమ్యూనిస్టులదే అధికారం అని దేశమంతా అనుకుంది. కాంగ్రెస్, ప్రజాపార్టీ, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ చేతులు కలిపి 196 సీట్లలో 146 కొట్టాయి. కమ్యూనిస్టులకు 31 శాతం దాకా ఓట్లొచ్చి కూడా 15 సీట్లే దక్కాయి. అసలు దెబ్బ ఎక్కడ పడిందంటే, ఎన్నికలకు ముందు రష్యా పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని అచ్చువేయించి ఊరూరా పంచారు. మీ మాస్కో వాళ్లే మా నెహ్రూను పొగుడుతున్నారు కదా అంటే ఇక్కడి కామ్రేడ్లు ఏం చెబుతారు?

అమెరికా డబ్బు పల్లెల్లోకి అసలు రాలేదా మరి?

వచ్చింది, 1952లో. జనవరి 5న 5 కోట్ల డాలర్ల సాంకేతిక సహకార ఒప్పందం కుదిరింది, అక్టోబర్ 2న 55 చోట్ల సామాజికాభివృద్ధి పథకాలు మొదలయ్యాయి. అమెరికా దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ కూడా చేయి వేసింది. గ్రామసేవకులు, బ్లాకులు, బీడీఓలు అన్నీ అక్కడి నుంచే. ఇప్పటి ఎంపీడీఓ ఆఫీసుకు మూలం అదేనన్నమాట. విప్లవం రాకుండా పల్లెను బాగుచేద్దామని మొదలుపెట్టారు గానీ, భూమి జోలికి వెళ్లలేదు. భూమి లేనివాడికి కంపోస్టు గుంట తవ్వడం నేర్పిస్తే ఏం లాభం?

పీఎల్ 480 అంటే ఏంటి? సులువుగా చెప్పండి.

అమెరికాలో 480వ నంబరు ప్రజాచట్టం. 1954 జూలై 10న ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాడు. అప్పటికి అమెరికా గోడౌన్లలో గోధుమలు గుట్టలు పడి ఉన్నాయి, రైతులకు మద్దతు ధర ఇచ్చి ప్రభుత్వమే కొంటోంది, నిల్వ చేయడానికే బోలెడు ఖర్చు. కాబట్టి ఇది దానధర్మం అనుకోవద్దు, అలాగని మోసం అనీ అనుకోవద్దు. వదిలించుకోవాల్సిన మిగులు, అమ్ముకోవాల్సిన రైతు, ఆపాల్సిన కమ్యూనిజం: మూడూ ఒకే చట్టంలో పట్టాయి.

మనకు కలిసొచ్చింది ఏంటంటే డబ్బు డాలర్లలో కట్టక్కర్లేదు, రూపాయల్లో కట్టొచ్చు. విదేశీ మారకం లేక అల్లాడుతున్న దేశానికి అంతకన్నా ఏం కావాలి.

చిత్రం చూడండి. 1956 జూన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ అలీన విధానం, అంటే ఏ కూటమిలోనూ చేరకపోవడం, అనైతికం అన్నాడు. అదే ఏడాది ఆగస్టులో అలీన దేశాల్లోకెల్లా పెద్దదైన ఇండియాతో మొదటి పీఎల్ 480 ఒప్పందం చేసుకున్నారు. ఇక 1960 మే 4న మన ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ వాషింగ్టన్‌లో సంతకం చేసిన ఒప్పందం అన్నిటికన్నా పెద్దది: నాలుగేళ్లలో 1 కోటి 60 లక్షల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం. లెక్కేస్తే రోజుకు పదకొండు వేల టన్నుల పైచిలుకు. ఓడ దిగితేనే నోట్లోకి ముద్ద అనే పరిస్థితికి ఇదే పునాది.

ఆ రూపాయలు ఏమయ్యాయి?

అమెరికా పేరు మీద ఇండియాలోనే జమయ్యాయి. ఎక్కువ భాగం మళ్లీ మన ప్రభుత్వానికే అప్పులుగా, గ్రాంట్లుగా వెళ్లింది, కొంత అమెరికా తన రాయబార కార్యాలయ ఖర్చులకు వాడుకుంది, కొంత ఇక్కడున్న అమెరికన్ కంపెనీలకు అప్పిచ్చింది. అయినా కుప్ప పెరుగుతూనే పోయింది. ఇంత రూపాయి ఒక పరాయి ప్రభుత్వం చేతిలో ఉంటే ఎలా అని ఢిల్లీలో టెన్షన్. చివరికి 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు చెక్కు రాసి మన ప్రభుత్వానికే ఇచ్చేశాడు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద చెక్కు అని గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

రష్యా చూస్తూ ఊరుకుందా?

ఎందుకు ఊరుకుంటుంది. 1955లో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి తక్కువ వడ్డీతో అప్పిచ్చింది, ఆ ఏడాది చివర్లో సోవియట్ అగ్రనేతలు కృశ్చేవ్, బుల్గానిన్ ఇద్దరూ వచ్చి దేశమంతా తిరిగి వెళ్లారు. రష్యా తెలివి ఏంటంటే కంటికి కనపడేది కట్టేది. గోధుమ తిన్నాక ఏం మిగలదు, బ్లాస్ట్ ఫర్నేస్ మాత్రం యాభై ఏళ్లు కనపడుతుంది.

బొకారో ఉక్కు కర్మాగారం ఉదాహరణ చాలు. దాన్ని కట్టడానికి మొదట అమెరికానే అడిగాం. అధ్యక్షుడు కెనడీకి ఇష్టమే. కానీ ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీకి మన డబ్బెందుకు, అది సోషలిజం కాదా అని అక్కడి చట్టసభ అడ్డుపడింది. 1963లో ఇండియా తన కోరిక వెనక్కి తీసుకుంది, 1965లో రష్యాతో ఒప్పందమైంది. కమ్యూనిజం మీద భయంతోనే, కమ్యూనిస్టు దేశానికి పీట వేసి మరీ చోటిచ్చారు.

మన దగ్గరికొస్తే, బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ రష్యా సాయంతో వచ్చింది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌కు చెకోస్లొవేకియా సాయం. 1979లో విశాఖ ఉక్కుకు మళ్లీ రష్యా. అమెరికా వైపు నుంచి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టడంలో సాయపడ్డారు. దానికి తర్వాత కమ్యూనిస్టులంటే గిట్టని రంగా గారి పేరే వచ్చింది, అది కాకతాళీయం అనుకోండి. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. సోవియట్ సాయంతో కట్టిన ఫ్యాక్టరీ నీడలో పెరిగిన హైదరాబాద్ మందుల పరిశ్రమ ఇవాళ అమెరికాకే మాత్రలు అమ్ముతోంది. మాస్కోలో గానీ వాషింగ్టన్‌లో గానీ ఎవడూ ఇది ఊహించి ఉండడు.

జాన్సన్ నిజంగా గోధుమలు ఆపాడా?

ఆపాడు, వదిలాడు, మళ్లీ ఆపాడు. 1965 మధ్యలో పాత ఒప్పందం గడువు తీరాక అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోలేదు. నెలకింత అని కొంచెం కొంచెంగా, ప్రతిదానికీ తన అనుమతి ఉండాలన్నాడు. సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. వరుసగా రెండేళ్లు వానల్లేవు, బీహార్‌లో కరువు. లాల్‌బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానేయమని దేశాన్ని అడిగింది 1965లోనే. ఇండియాలో ఎక్కడ వాన పడిందో ఎక్కడ పడలేదో జాన్సన్ స్వయంగా చూసుకునేవాడట, ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఆయన అడిగినవి రెండు. ఒకటి, వ్యవసాయానికి డబ్బు పెట్టండి, ఎరువులు, కొత్త విత్తనాలు తెచ్చుకోండి. దీనికి మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం ముందే సిద్ధంగా ఉన్నాడు, 1965 నవంబర్‌లో రోమ్‌లో అమెరికా మంత్రి ఫ్రీమన్‌తో కూర్చుని ఒప్పుకున్నాడు. నిజానికి సుబ్రహ్మణ్యానికి సొంత మంత్రివర్గంలోనే ప్రతిఘటన ఎక్కువ, కాబట్టి బయటి ఒత్తిడి ఆయనకు పనికొచ్చింది కూడా. రెండోది పైకి చెప్పనిది: వియత్నాం మీద నోరు మూసుకోండి. ఇక్కడే బెడిసికొట్టింది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి, డాలరుకు 4.76 నుంచి 7.50 చేసి, ఇంటా బయటా తిట్లు తిన్న ఇందిర, జూలైలో మాస్కో వెళ్లి వియత్నాం మీద బాంబులు ఆపమని ఉమ్మడి ప్రకటన చేసింది. జాన్సన్ మండిపడ్డాడు. ఓడలు ఆలస్యమయ్యాయి.

అదే సమయంలో ఇదీ చెప్పాలి, ఆ ఏడాది అమెరికా గోధుమ పంటలో దాదాపు ఐదో వంతు ఇండియాకే వచ్చింది. అది రాకపోతే బీహార్‌లో ఎంతమంది పోయేవాళ్లో. ప్రాణం నిలిపిన గోధుమనే అవమానంగా గుర్తుపెట్టుకున్నామంటే, ఇచ్చిన తీరు అలా ఉంది.

మన రైతుకు నష్టం జరిగిందా?

జరుగుతుందని ఆర్థికవేత్త షుల్ట్జ్ 1960లోనే హెచ్చరించాడు: చవక గోధుమ వచ్చి పడితే స్థానిక రైతుకు ధర రాదు, పండించాలన్న ఉత్సాహం పోతుంది. పాయింటు సరైనదే గానీ, నేనైతే అసలు నష్టం ధరలో కన్నా ఢిల్లీ బద్ధకంలో చూస్తాను. రేషన్ షాపులకు ఎలాగూ ఓడ వస్తోంది కదా అని పదేళ్లు వ్యవసాయాన్ని పక్కన పెట్టారు. పట్నంలో గొడవలు రాకుండా చూసుకోవడానికి పీఎల్ 480 భలే పనికొచ్చింది.

హరిత విప్లవం కూడా ఇందులో భాగమేనా?

ఆ పేరు పెట్టిందే ఇందుకు. 1968 మార్చి 8న అమెరికా సాయ సంస్థ యూఎస్ఎయిడ్ అధిపతి విలియం గాడ్ ఒక ప్రసంగంలో, ఇది సోవియట్ల తరహా ఎర్ర విప్లవం కాదు, హరిత విప్లవం అన్నాడు. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించాం, 1968 పంట అదిరిపోయింది.

మరి ఎర్ర విప్లవం ఆగిందా? 1967లో నక్సల్బరీ, వెంటనే మన శ్రీకాకుళం. అక్కడి గిరిజనుల గొడవ భూమి గురించి, వడ్డీవ్యాపారుల గురించి, అడవి గురించి. ఎక్కువ దిగుబడినిచ్చే విత్తనం దానికి జవాబు కాదు. ఇలాగే సాగితే పచ్చ విప్లవం ఎర్రబడుతుందని 1969లో మన హోంశాఖే ఒక నివేదికలో ఆందోళన పడింది.

సాయం పేరుతో ఎన్నికలకు డబ్బులు ఇచ్చారా?

సాయం ఖాతాలో కాదు, అది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వేరే దారి. కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాల్‌లో ఒకసారి కమ్యూనిస్టులు గెలవకుండా కాంగ్రెస్ పార్టీకి డబ్బు ఇచ్చామని మొయినిహాన్ 1978లో రాశాడు. ఇందిర అదంతా అబద్ధం అంది. ఎవర్ని నమ్మాలో మీ ఇష్టం.

మొత్తానికి సాయంతో కమ్యూనిజం ఎక్కడైనా ఆగిందా, లేదా?

ఆసియాలో ఆగిన చోట్లు చూడండి: జపాన్, తైవాన్, దక్షిణ కొరియా. అక్కడ డబ్బుతో పాటు సైన్యం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా భూసంస్కరణ జరిగింది. దున్నేవాడికి భూమి వచ్చాక కమ్యూనిస్టు చెప్పడానికి ఏం మిగులుతుంది? జపాన్ భూసంస్కరణ వెనక వుల్ఫ్ లడెజిన్‌స్కీ అనే అమెరికా అధికారి ఉన్నాడు. కమ్యూనిజాన్ని ఆపడంలో ఆయనంత పని చేసినవాళ్లు అరుదు. 1954లో సొంత ప్రభుత్వమే ఆయన్ని దేశ భద్రతకు ప్రమాదం అని ఉద్యోగం నుంచి తీసేసింది! తర్వాత ఆయన ఇండియాకూ వచ్చి భూమి గురించి నివేదికలు రాశాడు. మనవాళ్లు చదివి బీరువాలో పెట్టారు.

దక్షిణ వియత్నాంలో డబ్బు వరదలా పారింది, 1975లో ఏమైందో తెలిసిందే. ఇండియాలో మాత్రం కమ్యూనిస్టుల్ని ఎన్నికలూ, సైన్యమూ, వాళ్ల సొంత చీలికలూ నిలువరించాయి. సాయం ఢిల్లీకి కొన్నేళ్ల గడువు కొనిపెట్టింది, అంతకన్నా ఎక్కువ చేసిందని నేననుకోను.

వయ్యారిభామ మొక్క పీఎల్ 480 గోధుమలతో వచ్చిందా?

అందరూ అనేది అదే. కానీ పుణెలో దాన్ని గుర్తించింది 1955లో, మనకు మొదటి పీఎల్ 480 ఒప్పందం 1956 ఆగస్టులో. 1951 అప్పు గోధుమలతో వచ్చి ఉండొచ్చు, ఇంకెలాగైనా వచ్చి ఉండొచ్చు. పొలంలో పీకేటప్పుడు మాత్రం అమెరికాను తిట్టుకోవడం ఆగదు.

అమెరికా లైబ్రరీల్లో అన్ని పాత తెలుగు పుస్తకాలు ఎందుకున్నాయి?

ఇది చాలామందికి తెలియని ముచ్చట. ఆ పేరుకుపోయిన రూపాయలతో 1962 నుంచి అమెరికా చట్టసభ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ఇండియాలో అచ్చయ్యే పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు, కవిత్వం, పత్రికలు అన్నీ పెట్టెల్లో వెళ్లాయి. వాటిలో విప్లవ సాహిత్యం కూడా ఉంది. ఇక్కడ చెదలు పట్టిపోయిన కొన్ని పుస్తకాలు అక్కడ అట్ట చెదరకుండా ఉన్నాయి, పరిశోధన చేసేవాళ్లు అక్కడి నుంచే స్కాన్ తెప్పించుకుంటున్నారు. మీకు అరవైల్లో వచ్చిన పుస్తకం ఏదైనా ఇక్కడ దొరక్కపోతే ముందు షికాగో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల కేటలాగులు వెతకండి.